పగను గుమ్మం దాటనివ్వని అమీర్ అబ్దుల్ ఖాదిర్

ఖాదర్ అనే పేరు లేని ఖాందాన్ మన దగ్గర తక్కువ. అబ్దుల్ ఖాదర్, ఖాదర్ బాషా, ఖాదర్ వలీ... ఇవన్నీ బగ్దాద్‌లోని గౌసె ఆజమ్ హజ్రత్ షేక్ అబ్దుల్ ఖాదిర్ జీలానీ మీద ప్రేమతో పెట్టుకున్న పేర్లే. గ్యార్వీ ఫాతెహా చేసే ఇళ్లలో పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. అదే ప్రేమతో ఎక్కడో ఉత్తర ఆఫ్రికాలో, అల్జీరియాలోని మస్కరా పట్టణం దగ్గర ఖాదిరియా సిల్‌సిలాకు చెందిన ముహియుద్దీన్ అనే పీర్ 1808లో పుట్టిన తన కొడుక్కి అబ్దుల్ ఖాదిర్ అని పేరు పెట్టారు.

ఆ కొడుకు పదిహేనేళ్లు ఫ్రాన్స్ సైన్యంతో యుద్ధం చేశాడు. ఓడిపోయాడు. మాట ఇచ్చి తప్పిన ఫ్రాన్స్ చేతుల్లో ఐదేళ్ల దాకా ఖైదీగా ఉన్నాడు. ఆ తర్వాత 1860లో డమాస్కస్ తగలబడుతున్నప్పుడు, అదే ఫ్రాన్స్ కాన్సుల్‌ను, వేల మంది క్రైస్తవులను తన ఇంట్లో పెట్టుకుని కాపాడాడు. ఈ రెండు పనులూ చేసింది ఒకే మనిషి అంటే ఆ కాలంలో యూరప్ పత్రికలకు అర్థం కాలేదు. ఇప్పటికీ చాలామందికి అర్థం కాదు.

చిన్నప్పుడే ఖురాన్ హిఫ్జ్ పూర్తి చేశారు. గుర్రపు స్వారీలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాళ్లు లేరని పేరు. పదిహేడేళ్లు దాటాక తండ్రితో కలిసి హజ్‌కి బయల్దేరారు. దారిలో డమాస్కస్ చూశారు, బగ్దాద్ వెళ్లి గౌసె పాక్ దర్గాలో జియారత్ చేశారు. తిరిగి ఇల్లు చేరేసరికి 1828. ఆయన ఇష్టమల్లా కితాబులు, ఇబాదత్. పీర్‌గానో ఆలిమ్‌గానో బతుకు గడిచిపోయేదే. కానీ 1830లో ఫ్రెంచ్ సైన్యం అల్జీర్స్ దగ్గర తీరంలో దిగింది. మూడు వందల ఏళ్లుగా ఉన్న ఉస్మానీ పాలన కొన్ని వారాల్లోనే కూలిపోయింది.

పడమటి తెగల పెద్దలు ముందు ముహియుద్దీన్ గారినే నాయకత్వం తీసుకోమన్నారు. ఆయన వయసు మీద పడిందని చెప్పి కొడుకును చూపించారు. 1832 నవంబరులో మస్కరా దగ్గర మైదానంలో తెగల వాళ్లు ఆ కుర్రాడి చేతిలో చెయ్యి వేసి బైఅత్ చేశారు. అప్పటికి ఆయనకు నిండా పాతికేళ్లు కూడా లేవు.

యుద్ధాల లెక్క అంతా ఇక్కడ రాయనక్కర్లేదు. 1835లో మక్తా దగ్గర ఫ్రెంచ్ సేనను చిత్తు చేశారు. 1837లో తఫ్నా ఒప్పందం కుదిరి, అల్జీరియాలో చాలా భాగం ఆయన చేతికి వచ్చింది. ఆ కొద్ది కాలంలోనే సొంత నాణేలు, పన్నుల వసూలు, ఖాజీలు, జీతం తీసుకునే సైన్యం అన్నీ ఏర్పాటు చేశారు. 1839లో ఒప్పందం చెదిరిపోయి మళ్లీ యుద్ధం మొదలైంది. ఈసారి వచ్చిన జనరల్ బుజో పద్ధతి వేరు. సైన్యంతో యుద్ధం కాదు, జనంతో యుద్ధం. పంటలు తగలబెట్టడం, ఖర్జూర, ఆలివ్ చెట్లు నరకడం, మందలను తోలుకుపోవడం. 1845లో దహ్రా కొండల్లో ఒక గుహలో దాక్కున్న ఊలాద్ రియాహ్ తెగ వాళ్లను, ఆడవాళ్లు పిల్లలతో సహా, గుహ నోటి దగ్గర మంట పెట్టి పొగతో ఊపిరాడకుండా చేసి చంపారు. వందల ప్రాణాలు పోయాయి. ఆ సంగతి పారిస్ పార్లమెంటు దాకా వెళ్లింది. హుకుమ్ ఇచ్చిన కల్నల్ పెలిసియేకి శిక్ష పడలేదు సరికదా, తర్వాత ఆయన మార్షల్ కూడా అయ్యాడు.

డమాస్కస్ సంగతి అర్థం కావాలంటే ఈ గుహను గుర్తుపెట్టుకోవాలి. అమీర్‌తో పాటు సిరియా వెళ్లిన అల్జీరియా వాళ్లు ఇలాంటివి చూసి వచ్చినవాళ్లు.

అదే రోజుల్లో అమీర్ తన సైన్యానికి పెట్టిన నియమాలు కూడా గుర్తుంచుకోవాలి. అప్పటిదాకా శత్రువు తల నరికి తెచ్చినవాడికి బహుమతి ఇచ్చే అలవాటు రెండు పక్షాల్లోనూ ఉండేది. అమీర్ దాన్ని తిరగేశారు. ఖైదీని ప్రాణాలతో తెస్తేనే ఇనామ్. ఖైదీకి దెబ్బలు తగిలి ఉంటే తెచ్చినవాడే సంజాయిషీ చెప్పుకోవాలి. 1841లో అల్జీర్స్ బిషప్ దుపుష్ ఒక ఫ్రెంచ్ ఖైదీని విడిచిపెట్టమని ఉత్తరం రాశారు. అమీర్ ఇచ్చిన జవాబు ఆయన్ని సిగ్గుపడేలా చేసింది. ఒక్కడి కోసమే ఎందుకు అడిగారు, క్రైస్తవ ఖైదీలందరి కోసం అడిగి ఉండాల్సింది, మీ జైళ్లలో మగ్గుతున్న ముస్లింల విడుదల కోసం కూడా మాట్లాడి ఉంటే ఇంకా బాగుండేది అన్నది ఆ జవాబు సారాంశం. ఆ ఉత్తరాల వల్లే ఖైదీల మార్పిడి జరిగింది. ఆ బిషప్ తర్వాత అమీర్‌కి జీవితాంతం మిత్రుడయ్యారు.

ఒక మచ్చ కూడా ఉంది, దాన్ని దాచకూడదు. 1846లో అమీర్ దూరంగా యుద్ధంలో ఉండగా ఆయన శిబిరంలో ఉన్న రెండు వందలకు పైగా ఫ్రెంచ్ ఖైదీలను చంపేశారు. తిండి లేదు, శత్రువు దగ్గరికి వస్తున్నాడు, ఖైదీలను మోసుకు తిరగలేకపోతున్నాం అన్నది చంపినవాళ్ల వాదన. హుకుమ్ అమీర్ ఇచ్చింది కాదని ఎక్కువమంది చరిత్రకారులు ఒప్పుకుంటారు. అయినా ఆయన పేరు మీద ఉన్న శిబిరం అది. ఫ్రాన్స్‌లో ఆయన శత్రువులు చివరిదాకా దీన్నే ఎత్తి చూపారు.

అప్పటికే పరిస్థితి చెయ్యి దాటుతోంది. 1843లో ఆయన సంచార రాజధాని స్మాలాపై ఫ్రెంచ్ రాజు కొడుకు దుక్ దోమాల్ దాడి చేశాడు. వేల గుడారాల ఊరు అది. సంతలు, కమ్మరి కొలుములు, ఆలిమ్‌ల పాఠాలు అన్నీ అందులోనే నడిచేవి. ఎన్నో ఏళ్లు పోగు చేసిన చేతిరాత కితాబుల ఖజానా అక్కడే ఉండేది. ఆ దాడిలో అది చెల్లాచెదురైంది. ఆ తర్వాత మొరాకో సుల్తాన్ కూడా ఫ్రాన్స్ ఒత్తిడికి తలవంచి ఆయనకు దారి మూసేశాడు. ముందు ఫ్రెంచ్ సైన్యం, వెనక మొరాకో సైన్యం.

1847 డిసెంబరులో అమీర్ జనరల్ లామొరిసియేర్‌తో మాట్లాడుకుని ఆయుధాలు కింద పెట్టారు. షరతు ఒక్కటే. తనను, తన వాళ్లను అలెగ్జాండ్రియాకో అక్కాకో, అంటే ముస్లిం దేశానికి పంపాలి. జనరల్ ఒప్పుకున్నాడు, దుక్ దోమాల్ ఖాయం చేశాడు. ఓడ మాత్రం ఫ్రాన్స్‌లోని తూలోన్ రేవుకు వెళ్లింది. మరో రెండు నెలలకు ఆ రాజు గద్దె దిగిపోయాడు, కొత్త ప్రభుత్వం పాత మాట మాకు సంబంధం లేదంది. తూలోన్ కోట, అక్కణ్ణుంచి పో పట్టణం, అక్కణ్ణుంచి అంబ్వాజ్ కోట. ఎడారి ఎండకు అలవాటుపడ్డవాళ్లు ఆ తేమకు, చలికి తట్టుకోలేక ఒక్కొక్కరే రాలిపోయారు. అంబ్వాజ్ కోట తోటలోనే పాతిక మంది దాకా సమాధులయ్యారు. వాళ్లలో అమీర్ కుటుంబం వాళ్లూ ఉన్నారు, పసిపిల్లలూ ఉన్నారు.

విచిత్రం ఏమిటంటే ఆ ఖైదులోనే ఆయన ఎక్కువమంది ఫ్రెంచ్ వాళ్లకు దగ్గరయ్యారు. చూడటానికి వచ్చే పాదర్లు, సిస్టర్లు, ఒకప్పుడు ఆయన దగ్గరే ఖైదీగా ఉండి బతికి బయటపడ్డ సైనికులు. బిషప్ దుపుష్ ఆయన విడుదల కోసం పుస్తకమే రాశారు. చివరికి 1852 అక్టోబరులో లూయీ నెపోలియన్ స్వయంగా అంబ్వాజ్‌కి వచ్చి విడుదల వార్త చెప్పాడు. అల్జీరియాకు తిరిగి వెళ్లి యుద్ధం చేయనని అమీర్ రాసిచ్చారు. తనకు ఇచ్చిన మాట తప్పినవాళ్లకు ఇచ్చిన మాట అది. దాన్ని చచ్చేదాకా నిలబెట్టుకున్నారు.

ముందు తుర్కీలోని బుర్సాలో ఉన్నారు. 1855లో అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. ఆ తర్వాత డమాస్కస్ చేరారు. ఫ్రాన్స్ ఏటా పింఛను ఇచ్చేది, ఏడాదికి లక్ష ఫ్రాంకులకు పైనే. ఆ డబ్బు ఆయన ఒక్కడి ఖర్చుకి కాదు, వెంట వచ్చిన వందల కుటుంబాలు దాని మీదే బతికాయి. జామె ఉమవీ మసీదులో పాఠాలు చెప్పేవారు. షేక్ ముహియుద్దీన్ ఇబ్నె అరబీ రచనలంటే ప్రాణం. జీవితం ఇక కితాబుల్లో గడుస్తుందనుకున్నారు.

ఈలోగా సిరియాలో పరిస్థితి ఉడుకుతోంది. 1856లో సుల్తాన్ ఫర్మాన్ జారీ అయింది, ముస్లింలు, ముస్లిమేతరులు అందరికీ సమాన హక్కులని. జిజియా పోయింది, దాని బదులు సైన్యంలో చేరకుండా ఉండటానికి కట్టే పన్ను వచ్చింది. డమాస్కస్ క్రైస్తవులు అది కట్టమన్నారు. ఇంకోపక్క యూరప్ మిల్లు గుడ్డ చౌకగా దిగుమతి అవుతోంది. మగ్గం మీద బతికే డమాస్కస్ నేతగాళ్లకు పని పోతోంది. కాన్సులేట్ల అండ ఉన్న కొద్దిమంది క్రైస్తవ వ్యాపారులు మాత్రం బాగుపడ్డారు. ఆ కొద్దిమందిని చూసి మొత్తం మొహల్లా మీద కోపం పెంచుకున్నారు. అందరికీ హక్కులు అని కాగితం మీద రాసి, పోయిన కూలికి లెక్క ఎవరూ చెప్పకపోతే ఆ కోపం పక్కింటివాడి మీదకే మళ్లుతుంది.

1860 మే, జూన్ నెలల్లో లెబనాన్ కొండల్లో ద్రూజ్‌లకు, మారోనైట్ క్రైస్తవులకు మధ్య యుద్ధం జరిగింది. ఊళ్లకు ఊళ్లు పోయాయి. పారిపోయినవాళ్లు వేలల్లో డమాస్కస్‌కి వచ్చి పడ్డారు. పుకార్లు కూడా వాళ్లతోనే వచ్చాయి. అమీర్‌కి ప్రమాదం ముందే కనిపించింది. గవర్నర్ అహ్మద్ పాషాను హెచ్చరించారు, ద్రూజ్ పెద్దలకు చెప్పి పంపారు, ఫ్రెంచ్ కాన్సుల్ సాయంతో తన మనుషులకు ఆయుధాలు సమకూర్చారు.

జూలై 9న అంటుకుంది. కొందరు ముస్లిం కుర్రాళ్లు వీధుల్లో శిలువ గుర్తులు వేసి క్రైస్తవులను వాటిని తొక్కమని సతాయించారు. గవర్నర్ వాళ్లను పట్టుకుని, సంకెళ్లు వేసి, క్రైస్తవ మొహల్లాలో వీధులు ఊడవమని పంపాడు. ఆ దృశ్యం చూసి బజారు మూతపడింది, గుంపు కదిలింది. బాబ్ తూమా వైపు ఉన్న క్రైస్తవ మొహల్లా ఎనిమిది రోజులు తగలబడింది. చనిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. గవర్నర్ సైన్యం కదల్లేదు, సిపాయిలు కొందరు దోపిడీలో కలిశారు కూడా.

అమీర్ కొడుకులను, అల్జీరియా మనుషులను వెంటేసుకుని మండుతున్న వీధుల్లోకి వెళ్లారు. క్రైస్తవుల్లారా నా వెంట రండి, నేను ముహియుద్దీన్ కొడుకు అబ్దుల్ ఖాదిర్ అని తన పేరు చెప్పుకుంటూ తిరిగారని అప్పటివాళ్లు రాసుకున్నారు. ఫ్రెంచ్ కాన్సుల్, రష్యా కాన్సుల్, గ్రీసు కాన్సుల్ ఆయన ఇంటికి చేరారు. మిషన్ సిస్టర్లను, వాళ్ల దగ్గర ఉన్న అనాథ పిల్లలను కాపలా మధ్య తీసుకొచ్చారు. ఇల్లు కూర్చోవడానికి కూడా చోటు లేనంతగా నిండిపోయింది. అప్పుడు వంద వంద మందిగా కోటకు తరలించడం మొదలుపెట్టారు. కోటకు పంపి చంపిస్తారేమో అని జనం ముందు భయపడ్డారు. అమీర్ మీద నమ్మకంతో, ఆయన మనుషుల కాపలాలో నడిచారు.

గుంపు ఆయన గుమ్మం ముందుకు కూడా వచ్చింది. జిహాద్ చేసిన మనిషివి నువ్వు, నసారాలను మాకు అప్పగించు అన్నది వాళ్ల డిమాండ్. అమీర్ బయటికొచ్చి మాట్లాడారు. అమాయకులను చంపమని దీన్ ఎక్కడా చెప్పలేదని, తాను బతికుండగా ఒక్కరినీ అప్పగించనని తేల్చేశారు. వెనక ఆయన మనుషులు తుపాకులతో నిలబడి ఉన్నారు. అందులో మొహమాటం లేదు. గుంపు వెనక్కి తగ్గింది.

ఆ తర్వాత ఆయన చేసిన పని చదివితే అల్జీరియా రోజుల నియమం గుర్తొస్తుంది. ఇంటి వాకిట్లో చాప వేసుకుని, పక్కన డబ్బు సంచి పెట్టుకుని కూర్చున్నారు. ఒక క్రైస్తవుణ్ణి ప్రాణాలతో తెచ్చిన ప్రతివాడికీ యాభై పియాస్టర్లు. చంపడానికి వెతుకుతున్న చేతులే డబ్బు కోసం వెతికి తెచ్చి అప్పగించాయి. జనానికి నీతి చెప్పే సమయం కాదని ఆయనకు తెలుసు. లెక్క సింపుల్‌గా పెట్టారు, ప్రాణానికి ధర, శవానికి ఏమీ లేదు. ఆ పూట డమాస్కస్‌లో పనిచేసిన ఖజానా అదొక్కటే.

ఆయనొక్కడే కాపాడాడు అనడం కూడా న్యాయం కాదు. మీదాన్ మొహల్లాలో ముస్లిం పెద్దలు తమ వీధుల్లో ఉన్న క్రైస్తవుల మీద ఈగ వాలనివ్వలేదు. మీఖాయీల్ మిషాఖా అనే వైద్యుడు అమెరికా కాన్సులేట్ పని కూడా చూసేవాడు. గుంపు వెంటపడితే నాణేలు గుప్పెళ్లతో విసిరి, వాళ్లు ఏరుకుంటుండగా పిల్లలతో పరిగెత్తాడు, దెబ్బలు తిన్నాడు, చివరికి ముస్లిం మిత్రుడి ఇంట్లో ప్రాణం దక్కించుకున్నాడు. తర్వాత తన అనుభవాలన్నీ రాసిపెట్టాడు. ఆ రోజుల గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో ఆయన రాసిందానిది పెద్ద వాటా.

అమీర్ కాపాడినవాళ్ల సంఖ్య పన్నెండు వేల దాకా చెబుతారు. యూరప్ దేశాలు చాలా పతకాలు పంపాయి. ఫ్రాన్స్ తన అత్యున్నత పురస్కారం లెజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది. అమెరికా నుంచి అబ్రహాం లింకన్ పిస్తోళ్ల జత పంపాడు. వీటన్నింటికంటే విలువైనది ఇంకొకటి ఉంది. కాకసస్ కొండల్లో రష్యా మీద పాతికేళ్లు పోరాడి పట్టుబడ్డ ఇమామ్ షామిల్, ఖైదులో ఉండే మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. క్రైస్తవ రాజ్యం చేతిలో సర్వం పోగొట్టుకున్న ఇంకో ముజాహిద్ ఈ పనిని సున్నత్‌కి తగిన పని అని గుర్తించారు. 1862లో అల్జీర్స్ బిషప్ కృతజ్ఞతలు రాస్తే, అమీర్ తాను చేసింది షరీఅత్ చెప్పిన బాధ్యత, మనుషుల హక్కు మాత్రమేనని జవాబిచ్చారు.

పింఛను తిన్న రుణం తీర్చుకున్నాడు అని వెక్కిరించేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. తేదీలు చూస్తే ఆ మాట నిలవదు. ఖైదీల ప్రాణం కాపాడినవాడికి ఇనామ్ పెట్టింది పింఛనుకు పదేళ్లకు పైగా ముందు, ఫ్రాన్స్‌తో హోరాహోరీ యుద్ధంలో. మీదాన్ పెద్దలకు ఏ పింఛనూ లేదు.

అల్లర్లు ఆగాక జరిగిన కథ అంత అందంగా లేదు. సుల్తాన్ తరఫున ఫుఆద్ పాషా వచ్చాడు. యూరప్ సైన్యం అడుగుపెట్టకముందే లెక్క తేల్చాలని తొందర. ఆగస్టులో ఒక్క రోజే నూట యాభైకి పైగా మందిని ఉరి తీసి, కాల్చి శిక్షించాడు. సెప్టెంబరులో గవర్నర్ అహ్మద్ పాషాను కూడా కాల్చి చంపారు. ఫ్రాన్స్ ఆరు వేల సైన్యాన్ని బేరూత్‌లో దించింది. డమాస్కస్‌లో కొన్ని ముస్లిం ఇళ్లు ఖాళీ చేయించి ఇళ్లు కాలిపోయిన క్రైస్తవులను అందులో ఉంచారు. నష్టపరిహారం కోసం ఊరి మీద భారీ పన్ను వేశారు. అల్లర్లలో లేనివాళ్లు కూడా కట్టాల్సి వచ్చింది, దాంతో కొత్త కడుపుమంట. పరిహారం ఆలస్యంగా, అరకొరగా చేతికి వచ్చింది. చాలామంది క్రైస్తవులు బేరూత్‌కి వెళ్లి అక్కడే ఉండిపోయారు. అయినా మొహల్లా మళ్లీ కట్టారు, మగ్గాలు మళ్లీ ఆడాయి, అదే వీధుల్లో అదే జనం మళ్లీ సరుకు అమ్ముకున్నారు, కొనుక్కున్నారు. అలాంటి ఊచకోత ఆ తరంలో మళ్లీ జరగలేదు. ఆ ఎనిమిది రోజుల్లో ఏ మొహల్లా ఎవరి గుమ్మం తెరిచిందో రెండు పక్షాలకూ తెలుసు. తిరిగి పలకరించుకోవడానికి ఆ కొద్ది గుమ్మాలే దారి అయ్యాయి.

అమీర్ ముందు ఇంకో పరీక్ష మిగిలింది. సిరియాకు అరబ్ పాలకుడిగా ఆయన్ని నిలబెడదామని పారిస్‌లో కొందరు ఆలోచన చేశారు. ఆయన ఒప్పుకోలేదు. 1871లో అల్జీరియాలో ముఖ్రానీ తిరుగుబాటు లేచింది. ఆయన సొంత కొడుకు ముహియుద్దీన్ రహస్యంగా వెళ్లి అందులో చేరాడు. అమీర్ కొడుకును తప్పుపట్టి, తిరుగుబాటుకు దూరంగా ఉన్నారు. అల్జీరియాలో చాలామందికి ఇది ఇప్పటికీ మింగుడుపడదు. ఆ తిరుగుబాటు అణచివేతలో అల్జీరియా రైతులు లక్షల ఎకరాలు పోగొట్టుకున్నారు. రాసిచ్చిన మాట నిలబెట్టుకోవడం గొప్పే, కానీ ఆ మాట ఖరీదు కట్టింది డమాస్కస్‌లో ఉన్న ఆయన కాదు, అక్కడున్న జనం. ఆయన్ని ప్రేమించేవాళ్లు కూడా ఈ లెక్క దగ్గర తడబడతారు, తడబడటం తప్పు కాదు.

1883 మే 26న డమాస్కస్‌లో కన్నుమూశారు. సాలిహియాలో ఇబ్నె అరబీ మజార్ పక్కనే దఫన్ చేశారు. స్వాతంత్ర్యం వచ్చిన నాలుగేళ్లకు, 1966లో అల్జీరియా ప్రభుత్వం ఆయన అస్థికలను తెచ్చి అల్జీర్స్‌లోని అల్ ఆలియా ఖబరస్తాన్‌లో ఉంచింది. యుద్ధం చేయనని మాట ఇచ్చి వదిలిపెట్టిన మట్టికి నూట పందొమ్మిదేళ్ల తర్వాత తిరిగి వెళ్లారు.

ఫ్రాన్స్, అల్జీరియాల మధ్య గాయం మానలేదు. 2020లో ఫ్రాన్స్ తన మ్యూజియంలో ఉంచిన 24 మంది అల్జీరియా యోధుల పుర్రెలను తిరిగి ఇచ్చింది. 2022 ఫిబ్రవరిలో అంబ్వాజ్‌లో అమీర్ గుర్తుగా ఒక ఉక్కు శిల్పం ఆవిష్కరించాలనుకున్నారు. ఆ కార్యక్రమానికి కొన్ని గంటల ముందు ఎవరో దాన్ని ధ్వంసం చేశారు. విరిగిన శిల్పం ముందే అదే రోజు ఆవిష్కరణ జరిపారు. అక్కడికి దగ్గర్లోనే కోట తోటలో, ఖిబ్లా వైపు తిరిగి, ఆయన వదిలి వెళ్లిన పాతిక సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.